జెండా మారిన రోజు ఎక్కడున్నారు? సూరత్, దమన్, యానాం ప్రజల జాతీయతా ప్రశ్న

1961 డిసెంబరు 19న దమన్‌లో పోర్చుగీసు పాలన ముగిసింది. 1559లో మొదలై నాలుగు శతాబ్దాలు సాగిన పాలన అది. ఆ మరునాటి నుంచి అక్కడి ప్రజలు భారత పౌరులని న్యూఢిల్లీ పరిగణించింది. లిస్బన్ ప్రభుత్వం మాత్రం ఈ మార్పును 1974 చివరి వరకు అంగీకరించలేదు. ఆ విధంగా 13 ఏళ్ళపాటు ఒకే ఊరి ప్రజలను రెండు రాజ్యాలు తమవారిగా లెక్కించుకున్నాయి. ఊరు కదలలేదు, మనుషులు కదలలేదు, చట్టం మాత్రం వారి మీదుగా కదిలిపోయింది.

సూరత్‌కు దక్షిణంగా, రోడ్డు మార్గంలో వంద కిలోమీటర్లకు పైబడిన దూరంలో దమన్ ఉంది. దేశానికి ఆవలి తీరంలో, కాకినాడకు సమీపాన, గోదావరి ఒడ్డున యానాం ఉంది. దమన్ పోర్చుగీసువారిది, యానాం ఫ్రెంచివారిది. సూరత్ జిల్లా నుంచి తూర్పు ఆఫ్రికాకు తరలివెళ్ళిన కుటుంబాలది బ్రిటిష్ పాస్‌పోర్టు. ఈ మూడు సమూహాలకూ వేర్వేరు కాలాల్లో ఒకే ప్రశ్న ఎదురైంది. వలస రాజ్యం వెళ్ళిపోతూనో, తన జాతీయతా చట్టాన్ని సవరించుకుంటూనో గీసిన కొత్త గీతకు తాము ఇవతల ఉన్నామా, అవతల ఉన్నామా అన్నదే ఆ ప్రశ్న. దానికి లభించిన సమాధానాల ప్రభావం నేటి మనుమలు, మునిమనుమల ఓటు హక్కుపై, ఆస్తి హక్కుపై, ప్రయాణ పత్రాలపై ఇప్పటికీ పడుతోంది.

సూరత్ రేవు, మచిలీపట్నం రేవు

మొఘల్ సామ్రాజ్యానికి పడమటి ద్వారం సూరత్. 17వ శతాబ్దపు తొలి దశకాల్లో ఇంగ్లీషువారు, డచ్చివారు ఇక్కడ వర్తక స్థావరాలు నెలకొల్పుకున్నారు. ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ భారతదేశంలో తన తొలి స్థావరాన్ని 1668లో సూరత్‌లోనే ఏర్పాటు చేసింది. మరుసటి సంవత్సరం గోల్కొండ సుల్తాను అనుమతితో మచిలీపట్నంలో రెండవ స్థావరం వెలిసింది. ఫ్రెంచివారి కార్యకలాపాల కేంద్రం తరువాత పుదుచ్చేరికి మారింది. సూరత్, మచిలీపట్నం, కోళిక్కోడ్ వంటి చోట్ల మిగిలినవి చిన్న చిన్న స్థలాలు మాత్రమే. వీటిని ఫ్రెంచివారు లోజ్‌లు అని పిలిచేవారు. మచిలీపట్నంలోని ఫ్రెంచిపేట అన్న పేరు ఆ కాలపు గుర్తుగా నేటికీ నిలిచి ఉంది.

స్వాతంత్ర్యం వచ్చిన రెండు నెలలకే, 1947 అక్టోబరులో, ఈ లోజ్‌లపై హక్కులను ఫ్రాన్స్ భారతదేశానికి అప్పగించింది. పెద్దగా జనాభా లేని స్థలాలు కావడంతో అక్కడ జాతీయత చర్చనీయాంశం కాలేదు. భూమి చేతులు మారింది, అంతటితో వ్యవహారం ముగిసింది. చందర్‌నగర్, పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాంలలో, దమన్, దీవ్, గోవాలలో అలా ముగియలేదు. అక్కడ భూమితోపాటు మనుషులూ ఉన్నారు.

1947కు ముందు ఎవరు ఎవరి ప్రజలు?

నాటి భారత ఉపఖండంలో అందరిదీ ఒకే హోదా కాదు. సూరత్ నగరం నేరుగా బ్రిటిష్ పాలనలోని బొంబాయి రాజధానిలో భాగం. అక్కడ పుట్టినవారు 1914 నాటి బ్రిటిష్ జాతీయతా చట్టం ప్రకారం బ్రిటిష్ ప్రజలు. ఆ పక్కనే ఉన్న సచిన్, బాంస్‌దా సంస్థానాలలో పుట్టినవారు మాత్రం స్థానిక పాలకుని ప్రజలు. బ్రిటిష్ చట్టం వారిని రక్షిత ప్రజలుగా మాత్రమే గుర్తించింది. తెలుగువారిలోనూ ఇదే విభజన ఉండేది. కోస్తా, రాయలసీమ జిల్లాలలో పుట్టినవారు బ్రిటిష్ ప్రజలు. నిజాం రాజ్యంలో పుట్టినవారు రక్షిత ప్రజలు. యానాంలో పుట్టినవారు ఫ్రెంచి జాతీయులు.

ఇంట్లో ఉన్నంతకాలం ఈ భేదం ఎవరికీ పట్టలేదు. సముద్రం దాటినప్పుడు, సామ్రాజ్యం కూలినప్పుడు మాత్రం అదే నిర్ణాయకమైంది.

ఫ్రాన్స్ తన వలస ప్రజలకు 1946 మే 7 నాటి చట్టంతో పౌరసత్వం విస్తరించింది. ఆ ఏడాది జూన్ 1 నుంచి సముద్రాంతర భూభాగాల్లోని జాతీయులందరూ ఫ్రెంచి పౌరులయ్యారు. వివాహం, వారసత్వం వంటి విషయాల్లో తమ ఆచార ధర్మాన్ని నిలుపుకునే వీలును కూడా ఆ చట్టం కల్పించింది. అంతకు చాలా ముందే, 1881 సెప్టెంబరు 21 నాటి ఉత్తర్వు ద్వారా, తమ వ్యక్తిగత ధర్మశాస్త్రాన్ని వదులుకొని ఫ్రెంచి పౌరస్మృతి పరిధిలోకి వచ్చే అవకాశాన్ని ఫ్రెంచి ఇండియా ప్రజలకు ఇచ్చారు. ఆ మార్గాన్ని ఎంచుకున్నవారు కొత్త ఇంటిపేర్లు స్వీకరించారు. వారిలో అనేకులు ఫ్రెంచి సైన్యంలోనూ, ఇండోచైనా పరిపాలనలోనూ ఉద్యోగాలు చేశారు. పింఛను, ఉద్యోగం, పిల్లల చదువు ఫ్రెంచి జాతీయతతో ముడిపడిన కుటుంబాలకు విలీనం అన్న మాట స్వేచ్ఛతోపాటు ఆందోళనను కూడా తెచ్చింది.

యానాం: ఆరు నెలల గడువు

చందర్‌నగర్ ప్రజలు 1949 జూన్ 19న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో 7,473 ఓట్లతో భారత్‌లో విలీనానికి మద్దతు పలికారు. వ్యతిరేకంగా పడినవి 114 ఓట్లే. మిగిలిన నాలుగు స్థావరాల సంగతి వేరు. యానాంలో 1954 జూన్ 13న దడాల రాఫేల్ రమణయ్య తదితరుల నాయకత్వంలో విలీనవాదులు పాలనను స్వాధీనం చేసుకున్నారు. అదే ఏడాది అక్టోబరు 18న పుదుచ్చేరి సమీపంలోని కీళూరులో ఓటింగు జరిగింది. ఓటు వేసినవారు సాధారణ ప్రజలు కారు, ఎన్నికైన ప్రతినిధులు. 178 మందిలో 170 మంది విలీనాన్ని కోరారు, 8 మంది వ్యతిరేకించారు. నవంబరు 1న పరిపాలన భారత ప్రభుత్వానికి బదిలీ అయింది.

ఇది వాస్తవ బదిలీ మాత్రమే. చట్టపరమైన బదిలీకి మరో ఎనిమిదేళ్ళు పట్టింది. అప్పగింత ఒప్పందంపై 1956 మే 28న సంతకాలు జరిగాయి. ఫ్రెంచి పార్లమెంటు ఆమోదం లభించి, ధ్రువీకరణ పత్రాల మార్పిడి జరిగింది 1962 ఆగస్టు 16న. ఈ మధ్యకాలంలో యానాం వాసులపై భారత ప్రభుత్వ పాలన సాగుతుండగా, చట్టం దృష్టిలో వారి జాతీయత మాత్రం ఫ్రెంచిదే.

ఒప్పందంలోని జాతీయతా నిబంధనలు పైకి సరళంగా కనిపిస్తాయి. ఈ స్థావరాలలో పుట్టి, 1962 ఆగస్టు 16న అక్కడే స్థిరనివాసం ఉన్న ఫ్రెంచి జాతీయులు భారత పౌరులవుతారు. ఆరు నెలలలోగా లిఖితపూర్వకంగా ప్రకటిస్తే ఫ్రెంచి జాతీయతను నిలుపుకోవచ్చు. స్థావరాలలో పుట్టి, ఆ రోజున భారతదేశంలోని ఇతర ప్రాంతాల్లో నివసిస్తున్నవారికీ ఇదే నియమం. ఇక్కడ పుట్టి వియత్నాంలోనో, ఫ్రాన్స్‌లోనో ఉన్నవారికి మాత్రం నియమం తిరగబడుతుంది. వారు ఫ్రెంచి జాతీయులుగానే కొనసాగుతారు. భారత పౌరసత్వం కావాలంటే వారు ఆరు నెలలలోగా కోరుకోవాలి.

దీని ఫలితమేమిటో ఒక ఊహాత్మక ఉదాహరణతో చూద్దాం. యానాంలో పుట్టిన ఇద్దరు అన్నదమ్ములు. ఆ ఆగస్టు నాటికి పెద్దవాడు ఇంటి వద్దే వ్యవసాయం చూసుకుంటున్నాడు, చిన్నవాడు సైగాన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ఇద్దరూ ఏ కార్యాలయానికీ వెళ్ళలేదు, ఏ కాగితం మీదా సంతకం చేయలేదు. 1963 ఫిబ్రవరిలో గడువు ముగిసేసరికి పెద్దవాడు భారతీయుడు, చిన్నవాడు ఫ్రెంచివాడు. మౌనానికే చట్టం రెండు వేర్వేరు అర్థాలు చెప్పింది.

మరొక చిక్కు ఇంకా సూక్ష్మమైనది. ఒప్పందం స్థావరాలలో పుట్టినవారి గురించే మాట్లాడింది. స్థావరాల వెలుపల పుట్టిన ఫ్రెంచి జాతీయుల గురించి ఏమీ చెప్పలేదు. తెలుగు ఇళ్ళలో ఆడపిల్ల పురిటికి పుట్టింటికి వెళ్ళడం ఆచారం. యానాం కోడలి పుట్టిల్లు కాకినాడలోనో, అమలాపురంలోనో ఉంటే బిడ్డ పుట్టేది అక్కడే. తండ్రి ఫ్రెంచి జాతీయుడైనందున బిడ్డా ఫ్రెంచి జాతీయతే పొందుతుంది. కానీ జన్మస్థలం స్థావరం వెలుపల కావడంతో ఆ బిడ్డ ఒప్పందపు నిబంధనల పరిధిలోకి రాదు, కనుక ఏ ప్రకటనా లేకుండానే ఫ్రెంచి జాతీయత నిలిచిపోతుందన్న వాదనకు తావు ఏర్పడింది. పుదుచ్చేరి, కారైకాల్ కుటుంబాల నుంచి ఇటువంటి వాదనలతో వచ్చిన వ్యాజ్యాలను ఫ్రెంచి న్యాయస్థానాలు దశాబ్దాల తరువాత కూడా విచారించవలసి వచ్చింది. వాటిలో నిర్ణయం తరచుగా ఆధారపడేది జనన నమోదు పుస్తకంలోని ఒక్క పంక్తి మీదనే.

మైనర్ల విషయంలో తండ్రి నిర్ణయమే పిల్లల నిర్ణయం. 18 ఏళ్ళలోపు అవివాహిత సంతానానికి తండ్రి ప్రకటన వర్తించింది. తండ్రి లేకపోతే తల్లి, ఆమె కూడా లేకపోతే సంరక్షకుడు నిర్ణయించేవారు. భర్త ఎంపిక మాత్రం భార్యకు వర్తించదని ఒప్పందం స్పష్టం చేసింది. నాటి ప్రమాణాలతో చూస్తే ఇది ముందడుగు. అయితే వేరుగా ప్రకటన ఇవ్వాలన్న సంగతి తెలియని మహిళలు భర్త ఫ్రెంచి జాతీయుడై, తాను భారతీయురాలై మిగిలిపోయే పరిస్థితికి కూడా ఇది దారితీయగలిగింది.

దమన్: ఒక నెల గడువు

యానాం వాసులకు కనీసం రెండు ప్రభుత్వాలు కూర్చుని రాసుకున్న ఒప్పందం ఉంది. దమన్ వాసులకు అదీ లేదు. పోర్చుగల్ తన భూభాగాలను వలసలుగా కాక సముద్రాంతర రాష్ట్రాలుగా చెప్పుకుంటూ చర్చలకు నిరాకరించింది.

దమన్ పక్కనే ఉన్న దాద్రా, నగర్ హవేలీ పరిస్థితి మరీ విచిత్రం. 1954 జూలై, ఆగస్టులలో విమోచన కార్యకర్తలు పోర్చుగీసు పాలనను అక్కడి నుంచి తొలగించారు. పోర్చుగల్ హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానాన్ని ఆశ్రయించగా, 1960 ఏప్రిల్ 12న తీర్పు వెలువడింది. దమన్ నుంచి ఆ ప్రాంతాలకు పౌరులు, సరుకులు వెళ్ళేందుకు పోర్చుగల్‌కు హక్కు ఉండేదని, సైన్యం విషయంలో అటువంటి హక్కు లేదని, 1954లో భారత్ తన బాధ్యతలను ఉల్లంఘించలేదని న్యాయస్థానం పేర్కొంది. 1961 ఆగస్టు 11న అధికారికంగా విలీనమయ్యే వరకు, ఏడేళ్ళపాటు, ఆ ప్రాంతాన్ని స్థానికుల పంచాయతీయే పాలించింది. వార్లీ తదితర ఆదివాసులు అధికంగా ఉన్న ఆ గ్రామాల ప్రజలు ఆ ఏడేళ్ళు ఏ దేశ పౌరులన్న ప్రశ్నకు నిర్ద్వంద్వమైన జవాబు లేదు.

1961 డిసెంబరులో గోవా, దమన్, దీవ్ భారత్‌లో చేరాక, 1955 నాటి పౌరసత్వ చట్టంలోని 7వ సెక్షన్ కింద 1962 మార్చి 28న కేంద్ర ప్రభుత్వం పౌరసత్వ ఉత్తర్వు జారీ చేసింది. కొత్త భూభాగం దేశంలో చేరినప్పుడు అక్కడి ప్రజల్లో ఎవరు పౌరులో నిర్ణయించే అధికారాన్ని ఈ సెక్షన్ కేంద్రానికి ఇస్తుంది. 1961 డిసెంబరు 20కి ముందు ఆ ప్రాంతాలలో తాము గానీ, తల్లిదండ్రులలో ఒకరు గానీ, తాతముత్తవలలో ఒకరు గానీ పుట్టి ఉంటే, వారు ఆ రోజు నుంచి భారత పౌరులైనట్టు భావించాలని ఉత్తర్వు పేర్కొంది. పాత జాతీయతనే ఉంచుకోదలచినవారు నెల రోజుల్లో లిఖితపూర్వకంగా తెలపాలి. యానాంలో ఆరు నెలలు, దమన్‌లో ఒక్క నెల.

పోర్చుగల్ చట్టంలో కథ మరోలా నడిచింది. 1974 ఏప్రిల్‌లో లిస్బన్‌లో నియంతృత్వం కూలిపోయాక, ఆ ఏడాది డిసెంబరు 31న కుదిరిన ఒప్పందంలో గోవా, దమన్, దీవ్, దాద్రా, నగర్ హవేలీలపై భారత సార్వభౌమత్వాన్ని పోర్చుగల్ గుర్తించింది. 1975 జూన్‌లో మాజీ వలసల ప్రజల జాతీయతపై లిస్బన్ ఒక శాసనం చేసింది. స్వతంత్రమైన ఆఫ్రికా దేశాల ప్రజలలో అత్యధికులు దాని ద్వారా పోర్చుగీసు జాతీయతను కోల్పోయారు. పూర్వపు పోర్చుగీసు ఇండియాలో పుట్టినవారికి మాత్రం, ఉంచుకోదలచామని ప్రకటిస్తే జాతీయతను నిలుపుకునే వీలు దక్కింది. 1981 అక్టోబరు 3 నాటి జాతీయతా చట్టం తరువాత వారి సంతతి కూడా అదే దారిలో నడిచింది. 1961 డిసెంబరుకు ముందు దమన్‌లో పుట్టిన తాత జననాన్ని, వివాహాన్ని లిస్బన్‌లోని కేంద్ర నమోదు కార్యాలయంలో రాయిస్తే, ఆ పంక్తి నుంచి కొడుకు, కొడుకు నుంచి మనుమడు జాతీయతను కోరవచ్చు.

దీనితో దమన్, దీవ్ కుటుంబాలు పోర్చుగీసు పాస్‌పోర్టుతో ఐరోపాకు, ముఖ్యంగా బ్రిటన్‌లోని లెస్టర్, లండన్ నగరాలకు తరలివెళ్ళాయి. 2020లో బ్రిటన్ ఐరోపా సమాఖ్య నుంచి వైదొలగడంతో ఆ దారి కొత్తవారికి ఇరుకైంది.

సూరత్ నుంచి నైరోబీకి, నైరోబీ నుంచి వరుసలోకి

సూరత్ నగరవాసులకు పోర్చుగీసు, ఫ్రెంచి జాతీయతలతో నేరుగా సంబంధం లేదు. ఆ జిల్లా నుంచి, దాని చుట్టుపక్కల నుంచి కెన్యా, ఉగాండా, టాంగన్యీకాలకు వెళ్ళిన వర్తకులు, గుమాస్తాలు, చేతివృత్తులవారిని తాకింది బ్రిటిష్ చట్ట సంస్కరణ.

1948 నాటి బ్రిటిష్ జాతీయతా చట్టం యునైటెడ్ కింగ్‌డమ్‌లోనూ, వలసల్లోనూ పుట్టినవారందరినీ ఒకే పౌరసత్వం కిందికి తెచ్చింది. లండన్‌లో పుట్టినవారికీ, నైరోబీలో పుట్టినవారికీ చట్టంలో ఒకే పేరు. 1963 డిసెంబరులో కెన్యా స్వతంత్రమైంది. అక్కడే పుట్టి, తల్లిదండ్రులలో ఒకరైనా అక్కడే పుట్టినవారు కెన్యా పౌరులయ్యారు. మిగిలినవారికి దరఖాస్తు చేసుకునేందుకు రెండేళ్ళ గడువు ఇచ్చారు. భవిష్యత్తుపై సందేహంతో పలువురు భారతీయ సంతతివారు బ్రిటిష్ పాస్‌పోర్టునే అట్టిపెట్టుకున్నారు. 1967లో కెన్యా వలస, వ్యాపార లైసెన్సు చట్టాలు తెచ్చి పౌరులు కానివారి ఉపాధిని కట్టడి చేయడంతో వారు బ్రిటన్ బాట పట్టారు.

బ్రిటన్ 1968లో కామన్‌వెల్త్ వలసదారుల చట్టాన్ని మూడు రోజుల్లో పార్లమెంటులో ఆమోదింపజేసింది. తాను గానీ, తల్లిదండ్రులలో, తాతముత్తవలలో ఒకరు గానీ బ్రిటన్‌తో పుట్టుక వంటి బంధం చూపలేని పాస్‌పోర్టుదారులు ఇక స్వేచ్ఛగా ప్రవేశించలేరు. పాస్‌పోర్టు బ్రిటన్‌ది, ప్రవేశం మాత్రం నిషిద్ధం. బదులుగా ప్రత్యేక వోచర్ పథకం పెట్టారు. తొలుత ఏడాదికి 1,500 కుటుంబ యజమానులకు, 1975 నుంచి 5,000 మందికి అనుమతులు కేటాయించారు. ఆఫ్రికా నుంచి భారతదేశానికి వచ్చి వోచరు కోసం ఎదురుచూసిన కుటుంబాల వరుస అన్నిటికంటే పొడవైనది. వారిలో గుజరాతీలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. భారతదేశంలో వారు విదేశీయులు, బ్రిటన్‌లో ప్రవేశం లేని పౌరులు.

ఐరోపా మానవ హక్కుల కమిషన్ 1973 డిసెంబరులో ఈ కుటుంబాల ఫిర్యాదులను పరిశీలించి, జాతి ప్రాతిపదికపై ఇలా వేరుచేయడం మనుషులను కించపరచడమేనని అభిప్రాయపడింది. చట్టం మాత్రం నిలిచే ఉంది. వోచరు కుటుంబ యజమానికే కావడంతో పెళ్ళైన మహిళలు సాధారణంగా అర్హులు కాలేకపోయారు. బొంబాయిలోని బ్రిటిష్ అధికారి నిర్ణయాన్ని సవాలు చేసిన ఒక మహిళ కేసులో, లింగ వివక్ష చట్టం ఈ పథకానికి వర్తించదని 1983లో హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది.

ఆ ఏడాది జనవరి 1న 1981 నాటి బ్రిటిష్ జాతీయతా చట్టం అమలులోకి వచ్చింది. పాత ఉమ్మడి పౌరసత్వం మూడు ముక్కలైంది. బ్రిటన్‌తో బంధం ఉన్నవారు బ్రిటిష్ పౌరులు. హాంకాంగ్, జిబ్రాల్టర్ వంటి మిగిలిన వలసలవారు ఆశ్రిత భూభాగాల పౌరులు. ఎక్కడా చేరనివారు, ముఖ్యంగా తూర్పు ఆఫ్రికా భారతీయులు, బ్రిటిష్ సముద్రాంతర పౌరులు. ఈ మూడవ హోదాకు ఏ దేశంలోనూ నివసించే హక్కు లేదు. చర్చ సమయంలో వలస వాసులందరూ ఆందోళన చెందారు. అందరికీ ఒకే ఫలితం రాలేదు. జిబ్రాల్టర్‌వారికి అదే చట్టంలో బ్రిటిష్ పౌరులుగా నమోదయ్యే వీలు దక్కింది. ఫాక్‌లాండ్ దీవుల వారికి 1982 యుద్ధం తరువాత ప్రత్యేక చట్టం వచ్చింది. వేరే ఏ పౌరసత్వమూ లేని సముద్రాంతర పౌరులు బ్రిటిష్ పౌరులుగా నమోదయ్యే హక్కు 2003 ఏప్రిల్‌లో గానీ అమలు కాలేదు. వోచర్ పథకం అంతకు ఏడాది ముందే రద్దయింది. 1968లో వరుసలో నిలబడిన యువకుడు అప్పటికి వృద్ధుడు.

కోరంగి, రాందేర్, రంగూన్

సూరత్‌కూ గోదావరి తీరానికీ ఉమ్మడి జ్ఞాపకం ఒకటుంది. అది బర్మా. సూరత్ శివారులోని రాందేర్ వర్తకులు రంగూన్‌లో స్థిరపడ్డారు. అక్కడి సూరతీ బజారుకు ఆ పేరు వారి వల్లే వచ్చింది. యానాం పక్కనున్న కోరంగి రేవు నుంచి వెళ్ళిన తెలుగు కూలీలను బర్మాలో కోరంగీలనే పిలిచేవారు. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు 10 లక్షలకు పైనే ఉన్నారు.

1937 ఏప్రిల్ 1న బర్మా భారతదేశం నుంచి వేరైంది. నిన్నటి వరకు ఒకే దేశంలో మరో ఊరికి వెళ్ళినవారు రాత్రికి రాత్రి పరదేశీయులయ్యారు. 1948లో స్వతంత్ర బర్మా పౌరసత్వ చట్టాలు చేసినప్పుడు దీర్ఘకాల నివాసులు దరఖాస్తు చేసుకోవచ్చని చెప్పినా, నివాసాన్ని రుజువు చేసే కాగితాలు యుద్ధకాలపు వలసల్లో పోగొట్టుకున్నవారు అనేకులు. 1960లలో వ్యాపారాల జాతీయీకరణ తరువాత లక్షలాది మంది తిరిగివచ్చారు. విశాఖపట్నంలోని బర్మా క్యాంపు అలా ఏర్పడిందే. అక్కడే ఉండిపోయినవారిని 1982 నాటి చట్టం మూడు తరగతులుగా విడదీసింది.

నాలుగు కొలమానాలు

ఈ ఉదంతాలన్నిటినీ పక్కపక్కన పెడితే, జాతీయతా సంస్కరణ వలస వాసులను నాలుగు విషయాలు అడుగుతుందని తెలుస్తుంది.

మొదటిది జన్మస్థలం. యానాంలోనా, కాకినాడలోనా? సూరత్‌లోనా, సచిన్‌లోనా? పుట్టినప్పుడు ఎవరూ పట్టించుకోని సరిహద్దు అరవై ఏళ్ళ తరువాత నిర్ణాయకమవుతుంది.

రెండవది, నిర్ణీత తేదీన నివాసం. ఉద్యోగం కోసం, పెళ్ళి కోసం, వైద్యం కోసం ఊరు దాటినవారు ఆ రోజున ఎక్కడున్నారన్నది వారి ఇష్టంతో నిమిత్తం లేకుండా ఫలితాన్ని మారుస్తుంది.

మూడవది గడువు. ఒక నెల, ఆరు నెలలు, రెండేళ్ళు. గెజిట్ చదివేవారికి, న్యాయవాది అందుబాటులో ఉన్నవారికి ఇది అవకాశం. చదువు రాని రైతుకు, మత్స్యకారునికి అది తెలియకుండానే దాటిపోయిన తేదీ.

నాలుగవది కాగితం. జనన నమోదు, చర్చి రికార్డు, వివాహ పత్రం, పాత పాస్‌పోర్టు. హక్కు ఉండడం వేరు, దాన్ని చూపగలగడం వేరు. పేరు ఒకచోట తెలుగు ఉచ్చారణతో, మరొకచోట ఫ్రెంచి లేదా పోర్చుగీసు వర్ణక్రమంతో ఉంటే ఇద్దరూ ఒకరేనని నిరూపించడానికే ఏళ్ళు పడతాయి.

నేటి స్థితి

భారత చట్టం ద్వంద్వ పౌరసత్వాన్ని అంగీకరించదు. స్వచ్ఛందంగా విదేశీ పౌరసత్వం పొందినవారు 1955 చట్టంలోని 9వ సెక్షన్ కింద భారత పౌరసత్వాన్ని కోల్పోతారు. విదేశీ పాస్‌పోర్టు తీసుకోవడాన్ని నిబంధనలు అందుకు నిర్ణాయక సాక్ష్యంగా పరిగణిస్తాయి. గోవా, దమన్ కుటుంబాలలో తరచూ తలెత్తే సందేహం ఇక్కడే ఉంది. తాత జననాన్ని లిస్బన్‌లో నమోదు చేయించడం కొత్త పౌరసత్వాన్ని పొందడమా, పుట్టుకతోనే ఉన్న హోదాను రాయించుకోవడమా? పోర్చుగీసు చట్టం దాన్ని పుట్టుకతో వచ్చినదిగా చూస్తుంది. భారత అధికారులు పాస్‌పోర్టు చేతికి వచ్చిన చర్యను చూస్తారు. ఈ తేడా వల్ల ఓటర్ల జాబితాలో పేరు, ఎన్నికల్లో పోటీ, భారత పాస్‌పోర్టు అప్పగింత వంటి విషయాల్లో వివాదాలు వస్తున్నాయి. పోర్చుగీసు జాతీయత పొందిన సంగతిని దాచారంటూ పాస్‌పోర్టు రద్దయినవారికి విదేశీ భారతీయ పౌర కార్డు, అంటే ఓసీఐ, దక్కడం కూడా కష్టమైంది. 2024 ఏప్రిల్‌లో కేంద్రం రద్దు ఉత్తర్వునే ప్రత్యామ్నాయ పత్రంగా స్వీకరించేందుకు వీలు కల్పించి కొంత ఊరట ఇచ్చింది.

ఓసీఐ కార్డు పౌరసత్వం కాదన్నది గుర్తుంచుకోవలసిన విషయం. దానితో జీవితకాల వీసా లభిస్తుంది, ఇల్లు కొనవచ్చు. వ్యవసాయ భూమి కొనలేరు, ఓటు వేయలేరు, రాజ్యాంగ పదవులు చేపట్టలేరు. 2019 సవరణ తరువాత, కేంద్రం ప్రకటించిన చట్టాలను ఉల్లంఘించినవారి కార్డును, వారి వాదన విన్న అనంతరం, రద్దు చేసే అధికారం కూడా ప్రభుత్వానికి ఉంది.

పుదుచ్చేరిలో ఫ్రెంచి జాతీయత నిలుపుకున్న కుటుంబాల సంతతి ఇప్పటికీ ఫ్రాన్స్ ఎన్నికల్లో ఓటు వేస్తోంది. 1962లో తండ్రి చేసిన సంతకం వారికి ఆ హక్కును ఇచ్చింది. అదే సంతకం వారిని తాము పుట్టిన ఊరి శాసనసభ ఎన్నికల్లో ఓటరు కాకుండా చేసింది. పోర్చుగల్‌లో 2025లో జాతీయతా చట్టాన్ని కఠినతరం చేసే సవరణలు పార్లమెంటు ముందుకు వచ్చాయి. దరఖాస్తుకు అవసరమైన నివాస కాలాన్ని 5 నుంచి 10 సంవత్సరాలకు పెంచడం వాటిలో ముఖ్యమైనది. అది ప్రధానంగా పోర్చుగల్‌కు వలస వచ్చినవారికి సంబంధించినదైనా, లిస్బన్‌లో జరిగే ప్రతి మార్పునూ దమన్, దీవ్ కుటుంబాలు జాగ్రత్తగా గమనిస్తూనే ఉన్నాయి.

ఇటువంటి కుటుంబాలలోని వారు ఏ దరఖాస్తు చేయడానికి ముందైనా రెండు దేశాల చట్టాలనూ కలిపి చూసుకోవడం అవసరం. ఒక దేశం ఇచ్చే హక్కు మరో దేశంలో దేనిని తీసివేస్తుందో ముందే తెలుసుకోవాలి. పెద్దల జనన, వివాహ పత్రాలు, పాత పాస్‌పోర్టులు, 1962 నాటి ప్రకటనల నకళ్ళు ఇంట్లో ఉంటే భద్రపరచాలి. మైనర్ల పేరిట నిర్ణయం తీసుకునే తల్లిదండ్రులు మరింత ఆలోచించాలి. ఆ కాగితం మీద సంతకం పెద్దలదే అయినా, దానితో బతకవలసింది పిల్లలు.